అమ్మతో ముక్తినాథ్ వెళ్లాలి, చేతిలో 60 వేలే ఉన్నాయి. కాస్త దారి చెప్పండి

నమస్కారం అండి, మాది తెనాలి. 108 వైష్ణవ దివ్యదేశాల్లో ఒకటైన నేపాల్ ముక్తినాథ్ చూడాలని మా అమ్మ ఏళ్ల తరబడి అంటోంది. ఆవిడకి 63 ఏళ్లు, బీపీ మాత్ర వేసుకుంటుంది. మిషన్ కుట్టి దాచిన డబ్బులు మొన్న హార్లిక్స్ సీసాలోంచి మంచం మీద గుమ్మరించింది. ఎక్కువ నలిగిన యాభైలు, వందలే. నావి కూడా కలిపితే 60 వేలయ్యాయి.

ప్యాకేజీలు మాకు అందవు. విజయవాడలో రప్తీసాగర్ రైలు ఎక్కి గోరఖ్‌పూర్, అక్కడి నుంచి బస్సులో సునౌలి సరిహద్దు దాటి నేపాల్‌లోని పోఖరా చేరాలని ఆలోచన. వీసా అక్కర్లేదు, ఆధార్ చెల్లదు, అది తెలుసు. అమ్మకి పాస్‌పోర్ట్ లేదు, ఓటరు కార్డుంది. అందులో ఇంటిపేరులో ఒక అక్షరం తప్పు పడింది. సరిహద్దులో ఇబ్బంది పెడతారా?

నా టెన్షనంతా పోఖరా దాటాక. గుడి 3,700 మీటర్ల పైన ఉంది. గుడి దారిలో ఉన్న జోమ్‌సోమ్ ఊరి దాకా విమానమంటే ఖర్చు, జీపంటే గతుకులు. జీపులో నిదానంగా వెళ్లి, జోమ్‌సోమ్‌లో ఒక రాత్రి ఆగితే అమ్మకి ఎత్తు అలవాటవుతుందా, రెండు రాత్రులు ఉండాలా? పెద్దవాళ్లని తీసుకెళ్లినవాళ్లు చెప్పండి.

అక్కడి 108 ధారల కింద తడవాలని అమ్మ ఇప్పటి నుంచే తెల్లవారుజామున చన్నీళ్లు పోసుకుంటోంది. వద్దనడానికి నాకు నోరు రావట్లేదు. అక్టోబరులో ఆ నీళ్లు ఈ వయసువాళ్లు తట్టుకోగలరా, నెత్తిన చల్లుకుంటే చాలా?