అప్‌డేట్: పెన్ 22నా, స్టిక్ వీ8నా? తేల్చేశాను

సిగరెట్ మానడానికి స్మోక్ (SMOK) అనే కంపెనీ ఈ-సిగరెట్లలో వేప్ పెన్ 22 కొనాలా, స్టిక్ వీ8 కొనాలా అని లండన్ నుంచి అడిగింది నేనే. జవాబిచ్చిన అందరికీ థాంక్స్.

షాపులో రెండూ పట్టుకుని చూశాను. స్టిక్ బ్యాటరీ 3000 ఎంఏహెచ్, పెన్‌ది 1650. కానీ స్టిక్ బాగా లావు, జేబు ఉబ్బిపోతోంది. పోనీ లిక్విడ్ పోసే ట్యాంక్ పెద్దదా అంటే, బ్రిటన్ రూల్ ప్రకారం ఏదైనా 2 ఎంఎల్ దాటకూడదు. రెండింటిలోనూ వాటేజ్ మార్చుకునే వీలు లేదు, ఛార్జ్ దిగేకొద్దీ ఆవిరి పలచబడుతుంది. మీలో ఒకాయన చెప్పిన లెక్క (వోల్టుల వర్గాన్ని ఓమ్‌లతో భాగించడం) వేసి చూశాను: 0.3 ఓమ్ కాయిల్‌కి, అంటే లిక్విడ్‌ని వేడిచేసే తీగకి, 4.2 వోల్టుల దగ్గర దాదాపు 59 వాట్లు, 3.5కి దిగితే 41. తేడా చిన్నదేం కాదు!

చివరికి పెన్ తీసుకున్నాను. లిక్విడ్‌లో నికోటిన్ ఎంఎల్‌కి 3 ఎంజీ. ఇంత పవర్‌లో 20 ఎంజీ నికోటిన్ సాల్ట్ లిక్విడ్ పోస్తే గొంతు మండిపోతుంది, తల తిరుగుతుంది.

సంక్రాంతికి ఇండియా పట్టుకెళ్లొచ్చా అన్నవాళ్లకు: వద్దు బాబూ. ఈ-సిగరెట్లను నిషేధించిన 2019 చట్టం ప్రకారం దిగుమతి నేరం, మొదటిసారికే ఏడాది దాకా జైలు, లేదా లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. నేనైతే నికోటిన్ గమ్‌తో సరిపెట్టుకుంటాను.