తొలిసారి సమష్టి చిత్రప్రదర్శనలో పాల్గొనేవారు ఏమేం చూసుకోవాలి?

గోదావరిగట్టు (ప్రశ్న):

అందరికీ నమస్కారం. నేను రాజమహేంద్రవరంలో ఉంటాను. లెక్కల టీచరుగా ఉద్యోగ విరమణ చేశాక నీటిరంగులు పట్టుకుని మూడేళ్లవుతోంది. దామెర్ల రామారావు గారి చిత్రశాలకు ఎన్నిసార్లు వెళ్లానో లెక్క లేదు. 1897లో పుట్టి, బొంబాయిలో జె.జె. చిత్రకళాశాలలో చదివి, 1925లో ఇరవై ఎనిమిదేళ్లయినా నిండకుండానే కన్నుమూసిన మనిషి అంత పని ఎలా చేయగలిగారా అని వెళ్లిన ప్రతిసారీ ఆ గోడల ముందు నిలబడిపోతాను.

ఈమధ్య ఆదివారాలు తెల్లవారుజామున పుష్కరఘాట్ దగ్గర కూర్చుని బొమ్మలు వేసే పదిమందితో పరిచయమైంది. చలికాలంలో తాము పెట్టబోయే ప్రదర్శనకు నన్నూ మూడు చిత్రాలు ఇమ్మన్నారు. ఇంట్లో ఒంటరిగా వేసుకున్నవాటిని ఇరవై ఏళ్లుగా కుంచె పట్టినవారి పనుల పక్కన పెట్టడం తొందరపాటేమోనని బెరుకుగా ఉంది. పైగా ఆ మూడింటిలో ఒకటి ఇంటర్నెట్‌లో దొరికిన ఫొటో చూసి వేసినది. ఫ్రేములూ ధరలూ ఎలా నిర్ణయించుకోవాలో కూడా తెలిసినవారు చెబితే మేలు చేసినవారవుతారు.

తడికాగితం:

టీచరు గారూ, తప్పకుండా ఇవ్వండి. అయితే చిత్రాలు ఇచ్చి ఇంటికి వెళ్లిపోకండి, వాటిని గోడకు తగిలించే రోజున పొద్దున్నే వెళ్లి సాయంత్రం దాకా అక్కడే ఉండండి. నేను విశాఖపట్నంలో ఇలాంటి బృందంలోనే పదిహేనేళ్లుగా ఉన్నాను, నేర్చుకున్నదాంట్లో సగం ఆ తగిలించే రోజుల్లో నేర్చుకున్నదే. చిత్రం మధ్యభాగం నేల నుంచి 145 నుంచి 150 సెంటీమీటర్ల ఎత్తున ఉండేలా గోడ మీద పెన్సిలుతో గుర్తు పెట్టుకుంటాం. ఆ తర్వాత ఏ బొమ్మ పక్కన ఏది నిలుస్తుందో చూడటానికి వాటిని గోడ వెంట నేల మీద ఆనించి, అటూ ఇటూ మారుస్తూ గంటల తరబడి మాట్లాడుకుంటాం. ముదురు ఎరుపు ఉన్న తైలవర్ణ చిత్రం పక్కన పెడితే లేత నీటిరంగు వెలవెలబోతుందని నాకు ఎవరూ పాఠంగా చెప్పలేదు. నా చిత్రాన్నే అలా పెట్టి, దూరంగా వెళ్లి చూసినప్పుడు అర్థమైంది.

మీరు పేరెత్తిన రామారావు గారు కూడా ఒంటరిగా ఎదిగినవారు కారు. రాజమండ్రి కళాశాల ప్రిన్సిపాలు కూల్డ్రే దొర ఆయన చేతిని గుర్తించి ప్రోత్సహించారు. రామారావు గారు తాను నేర్చుకున్నది ఊళ్లోని పదిమందికీ నేర్పారు. ఆయన పోయాక ఆ పనిని వరదా వెంకటరత్నం గారి వంటి సహచరులు నిలబెట్టారు. ఆ ఊళ్లో ఉంటూ మీరు వెనకాడవలసిన పని లేదు.

అద్దంవెనుక:

ఫ్రేము గురించి ఒక్క మాట. నీటిరంగు చిత్రం అద్దానికి తగలకూడదు. నా తొలి ప్రదర్శనకు డబ్బు ఆదా అవుతుందని ఒక దుకాణంలో మౌంటు (చిత్రానికీ అద్దానికీ మధ్య ఎడం ఉంచే అట్ట అంచు) లేకుండా, కాగితాన్ని నేరుగా అద్దానికి ఆనించి ఫ్రేము కట్టించాను. వర్షాకాలం వెళ్లాక తీసి చూస్తే ఆకాశం భాగమంతా అద్దానికి అతుక్కుపోయి ఉంది, మూలల్లో బూజు చుక్కలు తేలాయి. ఆ బొమ్మను విడదీయబోయి చింపుకున్నాను. గోదావరి ఒడ్డున గాలిలో చెమ్మ ఎక్కువ కాబట్టి ఆమ్లం లేని మౌంటు బోర్డునే అడిగి తీసుకోండి, వెనక మామూలు అట్ట పెట్టనివ్వకండి. మూడింటికీ ఒకే రకం సన్నని చట్రం చాలు.

లేతపసుపు:

ధర విషయంలో నేను పాటించే పద్ధతి ఇది: కాగితం, రంగులు, ఫ్రేము, రవాణా కలిపి అయిన ఖర్చు ముందుగా రాసుకుని, మీ శ్రమకు తగినదని మనస్ఫూర్తిగా అనిపించిన మొత్తాన్ని దానికి కలపండి. అమ్మకం జరిగితే నిర్వాహకులు ఎంత శాతం తీసుకుంటారో ముందే కాగితం మీద రాయించుకోండి. ప్రదర్శనలో ఒక ధర, ఇంటికి వచ్చి అడిగినవారికి ఇంకో ధర చెబితే తోటి చిత్రకారులందరికీ నష్టం. వదులుకోవడానికి మనసొప్పని చిత్రం కింద "అమ్మకానికి కాదు" అని రాస్తే ఎవరూ తప్పు పట్టరు.

ఫొటో చూసి వేసినదాన్ని మాత్రం పక్కన పెట్టండి. ఆ కోణమూ ఆ వెలుగూ వేరొకరు ఎంచుకున్నవి, వారి అనుమతి లేకుండా మీ పేరుతో గోడకెక్కించడం న్యాయం కాదు. ఇంకా వ్యవధి ఉంది కదా, ఘాట్ దగ్గరే కూర్చుని ఇంకొకటి వేయండి.

గోదావరిగట్టు:

అందరికీ కృతజ్ఞతలు. ఫొటో చూసి వేసినది తీసేశాను. నిన్న వరదనీటిలో హేవలాక్ వంతెన స్తంభాలను వేయడానికి కూర్చున్నాను. ఎర్రనీటికి ఎల్లో ఓకర్ అనే మట్టిపసుపు రంగులో బర్ంట్ సియెన్నా అనే ఎర్రగోధుమ రంగు కలిపితే ఒడ్డు దగ్గరి రంగు సరిపోయింది కానీ, స్తంభాల నీడ పడినచోట నీరు బురదలా కనిపిస్తోంది. పక్కన కూర్చున్న పెద్దాయన నా పళ్లెంలోకి చూసి, నీడలో కొంచెం అల్ట్రామెరీన్ నీలం కలిపి, తడి ఆరకముందే ఒక్క పూతలో వేసి వదిలేయమన్నారు. వచ్చే ఆదివారం మళ్లీ అక్కడే కూర్చుంటాను. తగిలించే రోజున నిచ్చెన పట్టుకోవడానికి వస్తానని బృందంలో చెప్పేశాను.