సమస్యాపూరణం: గీత పెద్దదయిన గీత లేదు

నాగావళి (శ్రీకాకుళం): మన పద్యాల వెబ్ పేజీని రెండు నిలువు వరసలుగా విడగొట్టాం. నడుమ గీతకి మా కుర్రాడు కాలమ్-రూల్ (వెబ్ పేజీల రూపు దిద్దే సీఎస్ఎస్‌లో వరసల నడిమి గీత) మందం 1 పిక్సెల్ ఇచ్చాడు, పడలేదు. 9 ఇచ్చాడు, అప్పుడూ లేదు. ఆ కడుపుమంటే ఈ వారం సమస్య. ఆటవెలదిలో పూరించండి, విషయం దాటకండి.

గంటస్తంభం (విజయనగరం):
మందమొకటె చెప్పి మరచిపోయిన తీరు
సున్న చేయు కొలత చూడరయ్య
పాతికింతలైన ఫలమేమి చివరకు
గీత పెద్దదయిన గీత లేదు

నాగావళి: రోగం కుదిర్చారు మాస్టారూ! స్టైల్, అంటే గీత తీరు, రాయకపోతే అది ‘నన్’గా (none, ఏ గీతా వద్దని) ఉండిపోతుంది, అప్పుడు మందం ఎంతిచ్చినా లెక్కలో సున్నాయే. అదే ‘సాలిడ్’ (తెగని నిండు గీత) అని ఒక్క మాట రాస్తే, మందం చెప్పకపోయినా గీత పడుతుంది, రంగు అక్షరాలదే తీసుకుంటుంది. ‘చూడరయ్య’ మాత్రం గణాలు నింపడానికి వేసిన మాటే.

ఆముదాలవలస: రెండో పాదంలో సు–చూ యతి (పాదం మొదటి అక్షరానికి నడుమ అక్షరంతో కుదిరే పొత్తు) చెల్లుతుందా అండీ?

గంటస్తంభం: భేషుగ్గా. చకారానికీ సకారానికీ మైత్రి ఉంది కదా బాబూ.

బొబ్బిలి వీణ:
ఒక్క నిలువు నిండి ఒకటి ఖాళిగనున్న
నడిమి గీత పడదు నమ్మవోయి
ఎంత లావు పెట్టి ఎదురుచూచిననేమి
గీత పెద్దదయిన గీత లేదు

గంటస్తంభం: అమ్మా, ‘నిండి ఒకటి’, ‘పెట్టి ఎదురు’ రెండూ విసంధి, సంధి చేయాల్సిన చోట చేయలేదు. ‘నిండి యొకటి’, ‘పెట్టి యెదురు’ అనండి, యతి చెడదు. విషయం మాత్రం నూటికి నూరుపాళ్లు నిజం: అటూ ఇటూ సరుకుంటేనే గీత.

ఆముదాలవలస: పాఠం రెండు వరసలకీ సమంగా పంచుకుంటుంది కదా, ఖాళీ ఎలా వస్తుంది?

బొబ్బిలి వీణ: ఎత్తు బిగించేసి, కాలమ్-ఫిల్ (వరసలు నింపే పద్ధతి) ‘ఆటో’ అని పెట్టి చూడండి. మొదటి వరస నిండాకే రెండోదానికి వంతు. పాఠం చిన్నదైతే రెండోది బోడిగా మిగులుతుంది.

పొందూరు సన్నం:
గోడమీద బొగ్గు గుర్తులెన్నో పెట్టి
పలక నిండ గీసె పాప నాడు
పొద్దుపోదు మాకు బోసిపోయెను గోడ
గీత పెద్దదయిన గీత లేదు

నాగావళి: ఓలమ్మో, గీతని మనిషిని చేసేశారు! పద్యంగా అన్నిటికన్నా ఇదే మిన్న, నాకు సందేహం లేదు. విషయం దాటిందని బహుమానం మాస్టారికే ఇస్తున్నాను, కోప్పడకండి.

పొందూరు సన్నం: కోపమెందుకు బాబూ. ఇంతకీ మీ 9 పిక్సెళ్ల గీతకి వరసల మధ్య జాగా ఉందా? గీత తనకంటూ చోటు తీసుకోదు, ఉన్న ఖాళీలోనే పడుతుంది. ఖాళీకన్నా లావైతే అక్షరాల అడుక్కి పాకుతుంది.

నాగావళి: 1 పిక్సెలే ఉంచమన్నాను లెండి. జంటగీత కావాలని కుర్రాడి సరదా, దానికి 3 పిక్సెళ్లైనా లేకపోతే రెండు గీతలూ ఒకటిగానే అగుపడతాయి. వచ్చే వారం సమస్య అక్కణ్నుంచే, ప్రాసయతి (యతికి బదులు రెండో అక్షరాలు కలవడం) గమనించండి:

రెండు గీతలయ్యె నొండు గీత