ఫ్రాంక్‌ఫర్ట్‌కి కొత్త: ఉగాదికి ఇంట్లో భోజనాలు, మేలో అత్తమామలు. సలహాలు కావాలి

ఫ్రాంక్‌ఫర్ట్, కొత్తగా వచ్చినవారు:

అందరికీ నమస్కారం. మావారి ఉద్యోగం మీద జనవరిలో ఇక్కడికి వచ్చాం. బాబుకి నాలుగేళ్లు. మూడో అంతస్తులో అద్దె ఫ్లాట్, వంటింట్లో ఇద్దరు నిలబడితే మూడోవాళ్లకి చోటుండదు. ఉగాదికి రెండు మూడు తెలుగు కుటుంబాల్ని పిలవాలనుకుంటున్నాం. మావారు టీమ్‌లో నలుగురు జర్మన్లని కూడా ఒకరోజు భోజనానికి పిలుస్తానని మాటిచ్చేశారు. మేలో అత్తయ్యగారు, మామయ్యగారు రాజమండ్రి నుంచి వస్తున్నారు, విమానం ఎక్కడం ఇదే మొదలు. ఇంతలో కింది ఇంటావిడ మెట్ల దగ్గర ఆపి వాసన గురించి అడిగారు. అప్పట్నుంచి పోపు పెట్టాలంటేనే టెన్షన్. మీరంతా ఎలా నెట్టుకొస్తున్నారో కాస్త చెప్పండి.

ఎష్‌బార్న్ నుంచి:

ముందు పోపు సంగతి తేల్చేద్దాం అమ్మా, మీ అసలు బెంగ అదే.

ఇక్కడ అద్దె ఇళ్లలో పొయ్యి మీద ఉండే చిమ్నీ చాలావరకు పొగని బయటికి పంపదు. పైకి లాగి, ఫిల్టర్ లోంచి పోనిచ్చి, మళ్లీ మీ వంటింట్లోకే వదులుతుంది. లోపల బొగ్గు ఫిల్టర్ పాతదైతే మిగిలేది మోత ఒక్కటే. కొత్తది కొని మార్చండి, మన వంటకి అది తొందరగా పోతుంది. పొగ ఎక్కువైంది కదా అని మెట్ల వైపు తలుపు మాత్రం తీయకండి. కింది ఇంటావిడకి వాసన చేరింది బహుశా అలాగే. వంటింటి తలుపు మూసుకుని, కిటికీని పైన కొంచెం వాల్చి వదిలేయకుండా రెక్క మొత్తం బార్లా తెరవండి. అయ్యాక అవతలి గదిలో కిటికీ కూడా తీస్తే అయిదు పది నిమిషాల్లో గాలి మారిపోతుంది. చలికాలంలోనూ అంతే, ఇక్కడివాళ్లు కూడా అలాగే చేస్తారు.

ఇంకోటి. ఇక్కడి గాజు పలక కరెంటు పొయ్యి మన గ్యాస్ స్టవ్‌లా కట్టేయగానే చల్లారదు. ఆవాలు చిటపటలాడే వరకు ఉంచి, మూకుడు పక్కకి దింపేసి, అప్పుడు ఎండుమిరపకాయలు, ఇంగువ, కరివేపాకు వేయండి. ఆ నూనె వేడికే వేగుతాయి. ఇల్లంతా దగ్గించే ఘాటు మాడిన మిరపకాయది, పోపుది కాదు. మూకుడు కూడా అడుగు చదునుగా ఉన్నదే తీసుకోండి, ఊరి నుంచి తెచ్చిన గుండ్రటి అడుగు మూకుడు గాజు మీద సరిగా వేడెక్కదు. పొయ్యి ఇండక్షన్ అయితే అల్యూమినియం కుక్కర్ అసలు పనికిరాదు.

కిందావిడ అడిగారంటే పోట్లాటకి వచ్చారని కాదు. నచ్చని సంగతి ఇక్కడ మొహం మీదే చెప్తారు, చెప్పాక మనసులో పెట్టుకోరు. ఉగాది ముందు మెట్ల దగ్గర చిన్న కాగితం అంటించండి: ఫలానా రోజు, ఇన్నింటి నుంచి ఇన్నింటి వరకు మా ఇంట్లో పండగ, ఇబ్బందైతే ఈ నంబరుకి ఫోన్ చేయండి అని. ఆ కాగితం చేసే మేలు అంతా ఇంతా కాదు. రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు చప్పుడు ఉండకూడదు, ఆదివారం రోజంతా అదే లెక్క. మిక్సీ పని ఉంటే శనివారం సాయంత్రానికే పూర్తి చేసుకోండి. ఉగాది వారం మధ్యలో పడితే పచ్చడి, పూజ ఆ రోజే చేసుకుని భోజనాలు శనివారానికి పెట్టుకోండి. వేపపువ్వు దొరక్కపోతే మెంతులు వేయించి నాలుగు పలుకులు వేసేవాళ్లు చాలామంది ఉన్నారు, ఎవరూ తప్పు పట్టరు.

ఇక అసలు మాట. మూడు కుటుంబాలకి మీరొక్కరే పది రకాలు చేయాలని పెట్టుకోకండి. ఆ పొయ్యి మీద పెద్ద గిన్నె పెడితే పక్క గిన్నెకి చోటుండదు, పొద్దున మొదలుపెడితే సాయంత్రానికి మీకు నడుము ఉండదు. వచ్చేవాళ్లు "ఏం తెమ్మంటారు" అని అడుగుతారు. "అబ్బే ఏమొద్దండీ" అనకండి. ఒకరిని పులిహోర, ఒకరిని పెరుగావడ తెమ్మనండి. మీరు పప్పు, ఒక కూర, బొబ్బట్లు చూసుకోండి. బిర్యానీ చేయాలనుంటే పొయ్యి మీద దమ్ముకి తంటాలు పడకుండా మందపాటి గిన్నె మూత బిగించి ఓవెన్‌లో పెట్టేయండి, 160 డిగ్రీల దగ్గర అడుగంటే భయం ఉండదు. బొబ్బట్లు, గారెలు వేయించిన నూనె సింకులో పోయకండి. చల్లారాక సీసాలో పట్టి మూత బిగించి మామూలు చెత్త డబ్బాలో వేయాలి.

ఆఫెన్‌బాఖ్ నుంచి:

అక్క చెప్పినవన్నీ నిజమే, ఒక్క దగ్గర మాత్రం నేను ఒప్పుకోను. మొదటిసారి పిలిచినప్పుడే "నువ్వు ఇది తే, నువ్వు అది తే" అని పంచితే పరిచయం లేనివాళ్లకి అదోలా ఉంటుంది. తొలిసారి మీరే పెట్టండి, కాకపోతే మూడు రకాలే. అన్నంలోకి పప్పుచారు, ఒక వేపుడు, అప్పడాలు. కడుపునిండా తింటారు. రెండోసారి నుంచి పంచుకోవచ్చు.

జర్మన్ల భోజనం గురించి నాకు తెలిసింది చెప్తా. ఏడింటికి రమ్మంటే ఏడింటికే బెల్ మోగుతుంది, మనలెక్క ఎనిమిదిన్నరకి కాదు. బెల్ అంటే గుర్తొచ్చింది: ఇక్కడ గేటు దగ్గర ఫ్లాట్ నంబర్లుండవు, పేర్లే ఉంటాయి. మీ బెల్ మీద ఏ పేరుందో ముందే చెప్పండి. పాస్‌పోర్టులో మీవారిదో పేరు, మీదో ఇంటిపేరు, బెల్ మీద ఇంకోటి అయితే పాపం వాళ్లు కింద నిలబడి చదువుకుంటుంటారు. పార్సిళ్లు కూడా అందుకే వెనక్కి పోతాయి.

వారం ముందే అలర్జీలు అడగండి, ఇక్కడ అది మామూలు ప్రశ్న. మన గుత్తివంకాయలో పల్లీలు, నువ్వులు రెండూ ఉంటాయి, అది మొహమాటానికి తినే వ్యవహారం కాదు. గోధుమ పడనివాళ్లుంటే ఇంగువ డబ్బా వెనక చదవండి, పొడి ఇంగువలో చాలావరకు గోధుమపిండి కలుపుతారు. కారం తగ్గించి చేసి, పక్కన ఆవకాయ పెట్టండి, ధైర్యం ఉన్నవాళ్లు వాళ్లే వేసుకుంటారు. ఇంకొంచెం వేయమంటారా అంటే వద్దన్నారా, నిజంగానే వద్దు. మూడుసార్లు బతిమాలి ప్లేట్‌లో వేస్తే కష్టపడి తింటారు గానీ మళ్లీ రావడానికి జంకుతారు. ఇంకొకటి, ఎవరిదైనా పుట్టినరోజు దగ్గర్లో ఉందని తెలిస్తే ముందుగా శుభాకాంక్షలు చెప్పకండి, అపశకునం అనుకుంటారు.

సరుకుల సంగతి. మెయిన్ స్టేషన్ చుట్టుపక్కల ఇండియన్ షాపుల్లో సోనామసూరి, కందిపప్పు, మినప్పప్పు, ఇంగువ అన్నీ దొరుకుతాయి. కూరగాయలు, పెరుగు, మాంసం మాత్రం టర్కీవాళ్ల దుకాణాల్లో కొనండి. కొత్తిమీర, పుదీనా కట్టలు పెద్దవి, వంకాయలు బాగుంటాయి, వాళ్ల పొడుగు పచ్చిమిరపకాయలు మిరపకాయ బజ్జీకి భలే కుదురుతాయి. నెయ్యికి ఉప్పులేని వెన్న కొని కాచుకోండి. తీరిక లేకపోతే ప్రతి సూపర్‌మార్కెట్లో బుట్టర్‌ష్మాల్ట్స్ డబ్బా ఉంటుంది, అది కాచిన వెన్నే, వాసన కొంచెం తక్కువ. ఇడ్లీపిండి పులవకపోతే ఓవెన్‌లో లైటు మాత్రం వేసి రాత్రంతా లోపల పెట్టండి.

గోంగూర కోసం బాధపడేవాళ్లకి ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఒక అదృష్టం ఉంది. ఈ ఊరి ప్రత్యేకమైన గ్రూనె సోసె అనే పచ్చ చట్నీకి ఏడు రకాల ఆకులు వాడతారు, అందులో ఒకటి సవర్‌ఆంప్ఫర్. పుల్లటి ఆకు. ఓబర్‌రాడ్ వైపు తోటల్లో పండిస్తారు, వసంతం వచ్చిందంటే క్లైన్‌మార్క్ట్‌హాలె అనే మార్కెట్లో కనిపిస్తుంది. ఏడూ కలిపి కాగితంలో చుట్టిన కట్ట కాదు, ఈ ఆకు ఒక్కటే విడిగా అడగండి. నూనెలో వేయగానే పచ్చదనం పోయి గోధుమరంగులోకి తిరిగి ముద్దయిపోతుంది, భయపడకండి. గోంగూర కన్నా తొందరగా మగ్గుతుంది, చింతపండు అక్కర్లేదు. ఎండుమిరపకాయలు, ధనియాలు, వెల్లుల్లి వేసి నూరితే కళ్లు మూసుకుని తినేవాళ్లు గోంగూర పచ్చడే అనుకుంటారు. కళ్లు తెరిస్తే రంగు చూసి కొంచెం గొడవ పెడతారు.

ఫ్రాంక్‌ఫర్ట్, కొత్తగా వచ్చినవారు:

చాలా థాంక్స్ అండీ. శనివారమే క్లైన్‌మార్క్ట్‌హాలెకి వెళ్తాం. ఇంకో చిక్కు. మామయ్యగారు రెండు కేజీల నెయ్యి, పాలకోవా, చికెన్ పచ్చడి, ఒక పెట్టె బంగినపల్లి తెస్తానంటున్నారు. వద్దంటే నొచ్చుకుంటారేమో. మూడు నెలలు వాళ్లకి ఎలా పొద్దుపోతుందా అని కూడా బెంగగా ఉంది.

బాడ్ హోంబుర్గ్ నుంచి:

నొచ్చుకున్నా సరే, చెప్పేయండి. ఎయిర్‌పోర్టులో కస్టమ్స్ వాళ్లు చెత్తబుట్టలో వేస్తుంటే చూడటం కన్నా ఇంట్లో నొచ్చుకోవడమే నయం. యూరప్ బయటి నుంచి ప్రయాణికులు పాలతో చేసినవి, మాంసంతో చేసినవి తేకూడదు. అంటే నెయ్యి, కోవా, చికెన్ పచ్చడి మూడూ పోయాయి. చేపల ఉత్పత్తులకి మనిషికి 20 కిలోల దాకా మినహాయింపు ఉంది కాబట్టి ఎండుచేపల మీద మనసుంటే అవి తెచ్చుకోవచ్చు. పండ్లకి మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం కావాలి. అది లేకుండా తేగలిగినవి అయిదే: అరటి, కొబ్బరి, అనాస, ఖర్జూరం, దురియన్. మామిడి అందులో లేదు. సీజన్లో ఇక్కడి ఇండియన్ షాపులకి విమానంలో వస్తాయి, ఖరీదు ఎక్కువే గానీ మామయ్యగారి చేతే కొనిపించండి, సంతోషిస్తారు. ఆ బరువంతా ఆవకాయ, కందిపొడి, కారప్పొడి, వడియాలు, అప్పడాలతో నింపమనండి. నూనె పచ్చళ్లు చెక్-ఇన్ సామానులోనే.

వీసా ఏ 180 రోజుల్లోనైనా 90 రోజులే. మళ్లీ పొడిగిస్తారులే అనే ఆశతో టికెట్ తీయకండి. ప్రయాణ బీమా కనీసం 30,000 యూరోలది తప్పనిసరి. బీమా కొనేటప్పుడు ధర కన్నా ముందు చూడాల్సింది, ముందునుంచీ ఉన్న బీపీ, షుగర్ వల్ల ఇబ్బందొస్తే ఇస్తారా లేదా అన్నది. మందులు ఉండే రోజులన్నిటికీ సరిపడా, డాక్టరు చీటీతో సహా తెచ్చుకోవాలి. ఫోన్లో రెండు నంబర్లు పెట్టండి: ప్రాణం మీదికొస్తే 112, డాక్టర్ల క్లినిక్కులు మూసేసిన వేళ మామూలు జబ్బుకి 116117. హైదరాబాద్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్‌కి 2024 జనవరిలో నేరుగా విమానం మొదలైంది, మీ తేదీలకి ఉందేమో చూసుకోండి. మొదటిసారి ఎక్కేవాళ్లకి మధ్యలో దిగి మారే బాధ లేకపోవడం ఎంత డబ్బు పెట్టినా దండగ కాదు.

వచ్చిన మొదటి రోజే ఒకటి నేర్పండి. ఇక్కడ ఇంటి తలుపు బయటినుంచి లాగితే తాళం పడిపోతుంది. చెత్త పారేద్దామని చెప్పుల్లేకుండా వెళ్లిన మామయ్యగారు బయట, తాళంచెవి లోపల. తాళం తీసేవాడు రాత్రిపూట వస్తే వందల యూరోలు వదులుతాయి. ఆయన మెళ్లో తాడు కట్టి తాళంచెవి వేసినా నవ్వేవాళ్లు లేరు. ఇంకో చెవి నమ్మకమైన తెలుగువాళ్ల ఇంట్లో పెట్టండి.

పొద్దుపోవడం గురించి: వాళ్లని మీరు తిప్పితేనే తిరిగేలా ఉంచకండి. ఇంటి దగ్గర ట్రామ్ ఎక్కి మైన్ నది ఒడ్డుకి, పాల్మెన్‌గార్టెన్ అనే తోటకి తమంతట వెళ్లి రావడం మొదటి వారంలోనే నేర్పితే సగం దిగులు పోతుంది. వాళ్లకి డాయిష్‌లాండ్‌టికెట్ అనే నెలవారీ పాస్ తీసుకుంటే లాభమో కాదో లెక్కేసుకోండి. 2023లో 49 యూరోలతో మొదలైంది, 2026 జనవరి నుంచి 63. అది నెలనెలా దానంతటదే కొనసాగే చందా, ఆపాలంటే నెల 10వ తేదీలోపు రద్దు చేయాలి. లోకల్ రైళ్లు, బస్సుల్లో దేశమంతా చెల్లుతుంది, ఫాస్ట్ రైళ్లలో చెల్లదు. మే, జూన్ నెలల్లో సెలవులు ఎక్కువ, ఆదివారాలతో పాటు ఆ రోజుల్లోనూ కొట్లు మూతే. పాలు, కూరలు ముందురోజే తెచ్చిపెట్టుకోండి. అవసరం పడితే మెయిన్ స్టేషన్లో, ఎయిర్‌పోర్టులో కొట్లు తెరిచి ఉంటాయి.

అత్తయ్యగారికి వంటిల్లు అప్పగించాలా వద్దా అని మీరు అడగలేదు గానీ, అప్పగించండి. పొయ్యి మీటలు ఎలా తిప్పాలో, ఏ చెత్త ఏ డబ్బాలోనో చూపించి పక్కకి తప్పుకోండి. మధ్యాహ్నం వంట ఆవిడది, సాయంత్రం మీది అనుకుంటే ఇద్దరికీ హాయి.

ఎష్‌బార్న్ నుంచి:

ఒకటి మర్చిపోయాను. ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఇల్లంటే చుట్టాలకి సత్రం లెక్క. అమెరికా వెళ్తూ విమానం మారేవాళ్లు, యూరప్ టూర్ వాళ్లు, మావారి బాబాయిగారి స్నేహితుడి కొడుకు, అందరూ "ఒక్కరోజేగా" అంటారు. పడుకోవడానికి చోటుంది, పెరుగన్నం ఉంది, ఎయిర్‌పోర్టుకి మాత్రం రైల్లో మీరే వెళ్లాలి అని మొదటి ఫోన్లోనే చెప్పండి. మీ అత్తమామలున్న మూడు నెలలూ అదీ వద్దు. జర్మన్ల భోజనం కూడా ఉగాది అయ్యాక, అత్తమామలు రాకముందే, ఏప్రిల్లో కానిచ్చేయండి. ఈస్టర్ శుక్రవారం నుంచి సోమవారం దాకా ఎవరూ ఊళ్లో ఉండరు, ఆ వారం తప్ప ఏదైనా సరే. బొబ్బట్లకి పప్పు ఉడికించేటప్పుడు సాయం కావాలంటే చెప్పండి, శుక్రవారం సాయంత్రం నాకు ఖాళీయే.