హైదరాబాద్ పాతబస్తీ చుట్టుపక్కల తప్పక వెళ్లవలసిన బేకరీలు, మిఠాయి దుకాణాలు ఏవి?

ప్రశ్న:
వచ్చే నెల అమ్మానాన్నలతో విజయవాడ నుంచి హైదరాబాద్ వెళ్తున్నాను. మా బస నాంపల్లి స్టేషన్ దగ్గర. చార్మినార్, సాలార్‌జంగ్ మ్యూజియం చూశాక మిగిలే సాయంత్రాన్ని పాత దుకాణాలకే కేటాయించాలని ఉంది. మా ఊళ్లోనూ దొరికే లడ్డూలు, కాజాలు కాకుండా, ఆ నగరానికే చెందిన రుచుల్లో అక్కడే తినవలసినవి ఏవో, రైల్లో ఇంటికి తెచ్చుకోదగినవి ఏవో తెలిసినవారు దయచేసి చెప్పండి.

మొదటి జవాబు:
నాంపల్లిలోనే ఉంటున్నారు కనుక సుభాన్ బేకరీతో మొదలుపెట్టండి. అక్కడి ఉస్మానియా బిస్కట్లు తీపితోపాటు సన్నగా ఉప్పు కూడా తగులుతూ, పట్టుకుంటే రాలిపోయేంత గుల్లగా ఉంటాయి. రవ్వ, నెయ్యి, బాదం వేసి కాల్చే దమ్ కా రోట్ కూడా ఆ బేకరీకి పేరు తెచ్చినదే. మొహర్రం రోజుల్లో దాని కోసం జనం బారులు తీరతారు. ఇక చార్మినార్ పక్కనే ఉన్న నిమ్రా కేఫ్‌లో ఇదే బిస్కట్‌ను ఇరానీ చాయ్‌తో తినాలి. చాయ్‌లో అంచు మాత్రమే ముంచి వెంటనే నోట్లో పెట్టుకోండి, ఆలస్యమైతే విరిగి కప్పు అడుగుకు చేరుతుంది.

రెండో జవాబు:
నా దృష్టిలో ఆ సాయంత్రం అసలు గమ్యం మొజంజాహి మార్కెట్. 1935లో రాతితో కట్టిన ఆ మార్కెట్ దగ్గరి హమీదీ దుకాణంలో దొరికే జౌజీ హల్వా రుచి చూడకుండా తిరిగి రావద్దు. మొలకెత్తించిన గోధుమలతో, పాలు, చక్కెర, నెయ్యి, జాజికాయ చేర్చి, సన్నని సెగ మీద గంటల తరబడి కలుపుతూ ముదురు రంగు వచ్చేదాకా ఉడికిస్తారు. ముద్ద వేళ్లకు నెయ్యి అంటించి, నోట్లో కాస్త సాగి, చివర జాజికాయ ఘాటు మిగులుస్తుంది. దగ్గరలోనే కరాచీ బేకరీ ఉంది. దేశ విభజన తరువాత వలస వచ్చిన సింధీ కుటుంబం 1953లో దాన్ని స్థాపించింది. అక్కడ ఫ్రూట్ బిస్కట్లు తీసుకోండి. పుల్లారెడ్డి మిఠాయిలు బాగుంటాయి, కానీ అవి 1948లో కర్నూలులో మొదలైనవి, మనకు కొత్త కాదు కనుక సమయం తక్కువైతే వాటిని వదిలేయవచ్చు.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ ధన్యవాదాలు. ఎండు ఖుబానీలతో (ఆప్రికాట్లతో) చేసే ఖుబానీ కా మీఠా గురించి కూడా విన్నాము. దాన్ని తెచ్చుకోవచ్చా?

మొదటి జవాబు ఇచ్చినవారు:
మీగడతో వడ్డించే పదార్థం కనుక దాన్ని అక్కడే తినేయండి. ఇంటికి బిస్కట్లు, హల్వా తెచ్చుకోండి, అవి ప్రయాణానికి తట్టుకుంటాయి. అమ్మగారికి ఓపిక ఉంటే బేగంబజార్‌లో ఎండు ఖుబానీలు కొనండి. రాత్రంతా నానబెట్టి, గింజలు తీసి, చక్కెరతో మెత్తగా ఉడికించి, ఆ గింజలు పగలగొడితే వచ్చే పప్పును పైన చల్లుకోవడమే.