పిల్లలకి తెలుగు చదవడం నేర్పేటప్పుడు అక్షరమాల అంతా వచ్చాకే పదాలా? ఐదారు అక్షరాలు రాగానే మొదలుపెట్టొచ్చా? బలపం, గుణింతం, తలకట్టు అనే మారుపేర్లతో ముగ్గురి వాదన ఇది.

బలపం:
అఆలు, కఖగలు గడగడా అప్పజెప్పేస్తారు. ‘పలక’ అని రాసి చూపిస్తే మాత్రం దిక్కులు చూస్తారు. ఆరేడేళ్ళు వచ్చినా ఇలా తడుముకునే పిల్లలతో మళ్ళీ అ నుంచి దిద్దించడం కాలయాపనే అంటాను. త, ల, ర, క, మ, డ చాలు: తల, కల, మరక, మడత, తడక చదివేయొచ్చు. ఙ, ఞ దాకా ఆగడం దేనికి? అవి విడిగా వచ్చే మాట పిల్లల పుస్తకంలో ఒక్కటి చూపించండి.

గుణింతం:
ఙ, ఞ సంగతి ఒప్పుకున్నాను. వరుసకు అర్థం లేదంటే ఒప్పుకోను. క-ఖ, గ-ఘ పక్కపక్కన వింటేనే ఒత్తి పలికే తేడా చెవికి పట్టుబడుతుంది. పైగా ఆరక్షరాలతో మొదలెట్టిన చదువులో మిగతావి ఎప్పుడు చెప్పారో, ఏవి వదిలేశారో ఎవరికీ గుర్తుండదు.

బలపం:
గోడకి ఒక కాగితం అంటించి, వచ్చినవాటికి టిక్కు పెడితే సరిపోతుంది కదండీ. పది మాటల్లో తొమ్మిది తడుముకోకుండా చదివితేనే కొత్త అక్షరాలు రెండు కలపాలి. పక్కపక్కన ఉండటం చెవికి మంచిదే, కంటికి కాదు. ప, వ ఒకే వారం చెప్పి చూడండి, రెండూ కలిసిపోతాయి. వకి తలకట్టు అతుక్కుని ఉంటుంది, పకి విడిగా పైన ఉంటుంది. ఆ చిన్న సందు పిల్లల కంట పడదు. ప బాగా కుదిరాకే వ జోలికి వెళ్ళాలి. మ, వు జంటదీ ఇదే గొడవ.

తలకట్టు:
మీరిద్దరూ అక్షరం దగ్గరే ఆగిపోయారు, అంతకు ముందు మెట్టు ఒకటుంది. పుస్తకం మూసేసి, ‘పలక’లో ప తీసేస్తే ఏం మిగులుతుందని నోటితో అడగండి. ‘లక’ అని చెప్పలేకపోతే ఏ వరుసలో నేర్పినా అక్షరాలు కూడవు. రోజూ ఐదు నిమిషాలు ఈ విడదీసే ఆటే ఆడించాలి. వినికిడి, చూపు పరీక్ష చేయించారా అన్నది అసలు మొదటి ప్రశ్న.

ఇక గుణింతం. ‘కు’ చూపించగానే క కా కి కీ అని గొణుక్కుంటూ కు దాకా వస్తే, వచ్చింది రాగమే, కొమ్ము కాదు. ఒక హల్లుకి అన్ని గుర్తులూ ఒకేసారి కాకుండా, ఒక గుర్తుని నాలుగైదు హల్లులకి పెట్టించండి: కి, తి, లి, డి. మర్నాడు వరుస మార్చి అడగండి. పు, వు చివర్లో చెప్పండి, వాటి కొమ్ము కిందికి దిగి తిరుగుతుంది.

గుణింతం:
రాగం మాట నిజమే, పాడించినంత మాత్రాన చదువు కాదు. ఒత్తులకి మాత్రం పట్టిక కావాలనే అంటాను. గ, డ, ద లాంటివి తలకట్టు తీసేసి కింద రాస్తే ఒత్తయిపోతాయి. త, న, మ, య, ర, ల ఒత్తులకి అసలు రూపంతో పోలికే ఉండదు. వాటిని ఊహకి వదిలేస్తే ‘అమ్మ’ దగ్గరే బండి ఆగుతుంది.

బలపం:
పట్టిక పెట్టండి, కాకపోతే అమ్మ, అన్న, అత్త చదివించాక. ఇంకో మాట: ‘మడత’ని ‘మరక’ అని చదివితే వెంటనే సరైన మాట అందించకండి. మొదటి అక్షరం పట్టుకుని మిగతాది ఊహించేశారన్నమాట. బొమ్మ మూసి, మాట మీద కాగితం పెట్టి ఒక్కో అక్షరం జరుపుతూ చూపించండి. డ దగ్గర ఆగితే ఐదు సెకన్లు ఊరుకోండి. అప్పటికీ రాకపోతే ఆ ఒక్క అక్షరం చెప్పి, మాట మొత్తం మళ్ళీ వాళ్ళ చేతే చదివించండి.