రక్తపిశాచి వచ్చాడా, వచ్చిందా?

నిన్న రాత్రి రెండింటిదాకా కూర్చుని పాత డ్రాకులా సినిమా ఒకటి చూశానండీ, తెలుగు సబ్‌టైటిల్స్ పెట్టుకుని. నల్ల కోటు వేసుకుని కౌంట్ డ్రాకులా గారు మెట్ల మీంచి మహా దర్జాగా దిగుతున్నాడు, నాకేమో గుండె దడదడ, కింద చూస్తే 'రక్తపిశాచి వచ్చింది' అని పడింది. అంతే, భయమంతా దిగిపోయి ఫక్కున నవ్వేశా.

రాసినవాళ్లని అనడానికీ లేదు. దయ్యం, భూతం, పిశాచం అన్నీ మనకి 'వచ్చింది' బాపతే, చివర 'డు' ఉన్న రాక్షసుడికీ భేతాళుడికీ మాత్రమే 'వచ్చాడు' దక్కుతుంది. పైగా పిశితం అంటే మాంసం, అది తినేది పిశాచం అని పాత వ్యుత్పత్తి. మన కౌంట్ ఒట్టి ద్రవాహారం మనిషి కదా, పాపం.

పోనీ భేతాళుడు అందామా? 1870లో రిచర్డ్ బర్టన్ ఆ కథల్ని ఇంగ్లీషులోకి పట్టుకెళ్లినప్పుడు భేతాళుణ్ణి ఏకంగా వాంపైర్ చేసేశాడు. తలకిందులుగా వేలాడ్డం తప్ప నాకైతే పోలిక కనపడదు. ప్రతిసారీ రాజు భుజం మీదే కూర్చున్నాడు, మెడ అందుబాటులోనే ఉంది, ఒక్కసారైనా కొరికాడా? కథ చెప్పి, ప్రశ్న వేసి, జవాబు రాగానే చెట్టెక్కేశాడు.

ఇంక 'పీల్చడం' సంగతి. గాలీ పీలుస్తాం, రక్తమూ పీలుస్తాం, ఊపిరే లేనివాడికీ అదే క్రియ. అసలు రక్తం మీద బతికే గబ్బిలాలు మూడే మూడు రకాలు, అవీ అమెరికా ఖండాల్లోనే, అవి పీల్చనే పీల్చవు, పంటితో చిన్న గాటు పెట్టి నాలుకతో కతుకుతాయి. రక్తం గడ్డకట్టకుండా వాటి ఉమ్మిలో ఉండే ప్రోటీన్‌కి డ్రాకులిన్ అని పేరు కూడా పెట్టారు. కానీ 'కౌంట్ ఆమె మెడ కతికాడు' అని సబ్‌టైటిల్ వేస్తే హాల్లో ఎవడైనా భయపడతాడా చెప్పండి. నిజంగా పీల్చేది జలగ, దాన్నేమో మనం వదలకుండా అప్పు అడిగేవాళ్లకి ఇచ్చేశాం.

వాంపైర్‌ని ఇంగ్లీషులో 'అన్‌డెడ్' అనీ అంటారు, అంటే చచ్చీ చావనివాడు, దానికీ ఇదే గొడవ. చావనివాడు అంటే చిరంజీవి అయిపోతాడు. జీవచ్ఛవం అచ్చంగా సరిపోయే మాటే, కానీ ఎప్పుడో మనుషులకి వాడేసుకున్నాం, సోమవారం పొద్దున నాకే వాడతారు. ఎండ పడితే నేనూ మొహం దాచుకుంటా మరి, అయినా ఎండకి చావడం సినిమావాళ్ల పుణ్యమే, 1897 నాటి స్టోకర్ నవల 'డ్రాకులా'లో కౌంట్ పట్టపగలే తిరుగుతాడు, 1922లో నోస్ఫెరాటు సినిమా వచ్చాకే సూర్యుడు గండమయ్యాడు. సెన్సార్ కుళాయి కింద నేను చేతులు ఎంత ఊపినా నీళ్లు రావు, పక్కాయన పెట్టగానే బుస్సున వస్తాయి, వాంపైర్లు అద్దంలో కనపడరంటారు కదా, అప్పుడు మాత్రం అద్దంలో ఓసారి చూసుకుంటా, ఉన్నానా లేనా అని.

మరి వాంపైర్‌కి మంచి మాట ఎవరైనా చెప్తారా?

చేర్పు: కింద ఒకరు 'నెత్తురుపోతు' అన్నారు, తిండిపోతు లెక్కన. బాగుంది గానీ పైకి అంటే నెత్తురు పోతోందనుకుని ఆస్పత్రికి తీసుకెళ్లేలా ఉన్నారు. 'నెత్తురుబోతు' అంటే? తాగుబోతు వచ్చాడు అంటాం, వచ్చింది అనీ అంటాం, ఆడా మగా ఇద్దరికీ నడుస్తుంది. నేనైతే ఇవాళ్టి నుంచి వాడేస్తున్నా.